రెండోది కదా, అలవాటే!

మా రెండోవాడు పుట్టిన రోజు నాకొచ్చిన ఫోన్లన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే మాట. "రెండోది కదా, నీకు అలవాటే!" మేనేజరు అన్నాడు. మా మేనమామ అన్నాడు. పక్క ఫ్లాటాయన లిఫ్టులో భుజం తట్టి మరీ అన్నాడు. ఆస్పత్రిలో బిల్లు కట్టించుకునే కుర్రాడు కూడా కాగితం మీద నా సంతకం తీసుకుంటూ, "సెకండ్ బేబీయా సార్? ఇంకేం, ఎక్స్‌పీరియెన్స్ ఉందిగా" అన్నాడు. నేనూ నవ్వి తలూపాను. ఐదేళ్ళుగా ఒక ఆడపిల్లకి తండ్రినే కదా మరి!

పదహారో రోజు రాత్రి రెండు గంటలకి ఆ నవ్వు వడ్డీతో సహా తీరిపోయింది.

చిన్నాడు పాలు తాగుతున్నాడు. మా ఆవిడ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. రెండో గదిలో నా పక్కన పడుకున్న పెద్దది నిద్రలేచి, "అమ్మా, నీళ్ళు" అంది.

"నేనిస్తాను తల్లీ" అని లేచాను.

"వద్దు. అమ్మ ఇవ్వాలి."

"అమ్మ తమ్ముడికి పాలిస్తోంది కదా. నేనిచ్చినా అవి నీళ్ళే!"

అది లేచి కూర్చుంది. ఏడవలేదు, మొండికెయ్యలేదు. చీకట్లో చాలా మామూలుగా అడిగింది: "నా గ్లాసు ఏదో నీకు తెలుసా?"

తెలీదు. వంటింట్లోకి వెళ్ళి లైటేసి నిలబడ్డాను. పువ్వుల గ్లాసు ఒకటి కనపడితే అందులో నిండా నీళ్ళు పోసి పట్టుకెళ్ళాను. అది దాని వంక చూసి మళ్ళీ పడుకుంది. ఇంతలో ఆ గదిలోంచి, కళ్ళు తెరవకుండానే అనుకుంటా, మా ఆవిడ గొంతు. "చిన్న స్టీలు చెంబు. ఫిల్టరు వెనకాల ఉంటుంది. సగమే పొయ్యి, లేకపోతే పక్క తడుపుకుంటుంది."

మూడు ముక్కలు. గిన్నె ఏది, ఎక్కడుంటుంది, ఎంత పొయ్యాలి. ఐదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈ మూడూ నాకు తెలియవు. నాకు ఎక్స్‌పీరియెన్స్ ఉందని ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మనిది ఇంట్లో ఒక్కర్తే, దానికి ఐదేళ్ళు.

*

ఈమధ్య మన పత్రికల్లోనూ ఫేస్‌బుక్ గోడల మీదా 'మళ్ళీ నాన్ననయ్యాక' అనే తరహా రాతలు బాగా పెరిగాయి. నిద్ర చాలకపోవడం, ప్రేమ సగం కాకుండా రెట్టింపవడం, చిన్నవేళ్ళు తన వేలిని పట్టుకున్నప్పుడు కళ్ళు చెమర్చడం, చివర్లో భార్యకి ఒక నమస్కారం. నేనూ అలాంటిదే ఒకటి రాద్దామని మొదలుపెట్టాను. ఆ చెంబు అడ్డొచ్చింది.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రెండో బిడ్డ పుట్టాక తండ్రి అలవాటు పడాల్సింది రెండో బిడ్డకి కాదు, మొదటి బిడ్డకి. మొదటిసారి తప్పించుకున్నదంతా రెండోసారి బకాయిగా వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. దాన్ని మనం 'అడ్జస్ట్ అవుతున్నాను' అనే గౌరవమైన మాటతో చెప్పుకుంటున్నాం. బాకీదారు ఎక్కడైనా 'అప్పు తీర్చడానికి అలవాటు పడుతున్నాను' అని కవిత్వం రాస్తాడా?

ఈ బకాయి ఎలా పేరుకుందో చెప్తాను. నా కథే, కానీ చాలామందికి తమ కథలాగే ఉంటుందని నా నమ్మకం.

మా పెద్దది తెనాలిలో పుట్టింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలో సీమంతం చేసి, గాజులు తొడిగి, మా ఆవిడని వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. బిడ్డకి ఐదో నెల వచ్చాక మంచిరోజు చూసి, సారెతో సహా హైదరాబాదు తెచ్చి దింపారు. ఈ మధ్యకాలమంతా నేను రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి రైలెక్కే అల్లుణ్ణి. పొద్దున్నే నాకు వేడి అట్లు. ఆ తర్వాత బిడ్డకి నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, కాటుక, దిష్టిచుక్క దిద్ది, పొత్తిగుడ్డల్లో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాళ్ళు. ఏడిస్తే తీసుకెళ్ళిపోయేవాళ్ళు. తడిపినా తీసుకెళ్ళిపోయేవాళ్ళు. ఆదివారం రాత్రి నలభై ఫొటోలు ఫోన్లో వేసుకుని వెనక్కి బయల్దేరేవాణ్ణి. ఆఫీసులో అందరికీ చూపించేవాణ్ణి. 'పాప భలే బుద్ధిమంతురాలు, అస్సలు ఏడవదు' అని చెప్పేవాణ్ణి కూడా.

పుట్టింటి పురుడు గురించి మాట్లాడినప్పుడల్లా అది ఆడపిల్లకి దొరికే విశ్రాంతి అంటాం. నిజమే, చాలామందికి అత్తింట్లో దొరకని విశ్రాంతి అది. దాన్ని తీసెయ్యమని నేననను. కానీ ఆ ఆచారం గుట్టుగా ఇంకో పని కూడా చేస్తుంది. బిడ్డని పెంచడంలో అన్నిటికంటే కష్టమైన నెలలు తండ్రి కంటపడకుండా దాచేస్తుంది. బిడ్డ మెడ నిలిపి, నవ్వు నేర్చి, రాత్రిళ్ళు కాస్త నిద్రపోవడం మొదలుపెట్టాకే అతని గుమ్మం తొక్కుతుంది. అప్పటికి తల్లికి వాళ్ళమ్మ దగ్గర ఐదు నెలల శిక్షణ అయింది. తండ్రికి రోజు కూడా కాలేదు. మొదటి వారంలోనే "నీకు రాదులే, ఇలా ఇవ్వు" అన్న మాట పుడుతుంది. ఆ మాటకి పైకి నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, లోపల హమ్మయ్య అనుకోని మగవాడెవరన్నా ఉంటే చెయ్యెత్తండి. నా చెయ్యి నా జేబులోనే ఉంది.

శాస్త్రం చూడండి ఎంత తమాషాగా ఉంటుందో. పురుడు పది రోజులూ తండ్రికి కూడా అంటు ఉంది. గుడికి వెళ్ళకూడదు, పూజ చెయ్యకూడదు. అంటే దేవుడి దగ్గర పదిరోజులు సెలవు ఇప్పించారు. ఆ పదిరోజులూ బిడ్డ దగ్గర హాజరు వేయించుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమంటారు. రాస్తాం. ఫొటో తీస్తారు. అక్కడితో తండ్రి పని అయిపోయింది.

*

రెండోసారి ఈ దారి మూసుకుపోయింది. పెద్దది యూకేజీలో ఉంది, నెలల తరబడి బడి మాన్పించలేం. అత్తయ్యగారికి మోకాళ్ళ నెప్పులు, మా ఆవిడకి హైదరాబాదు డాక్టరే అలవాటు. అత్తయ్యగారే వచ్చి నెలన్నర ఉన్నారు. నేను మొదటిసారి అన్నీ చూశాను.

ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో తండ్రి స్టెప్నీ టైరు లాంటివాడు. డిక్కీలో ఉంటాడు, ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది, బండి మాత్రం మిగతా చక్రాల మీదే నడుస్తుంది. రెండో బిడ్డ పుట్టేసరికి అతన్ని బయటికి తీసి బిగించక తప్పదు. తీరా బిగిస్తే అందులో గాలి లేదు!

శనివారం తెల్ల యూనిఫాం అని నాకు తెలీదు. నీలం గౌనులో పంపాను. జడలు వేసేటప్పుడు ఎడంవైపు పాయ ముందు తియ్యాలని తెలీదు. పప్పులో మిరపకాయ తీసి, తీసినట్టు దానికి చూపించి, అప్పుడు ముద్ద పెట్టాలని తెలీదు. క్లాస్ టీచరు పేరు తెలీదు. 'మా క్లాసులో నాకు భయం వేసేవాడు ఒకడున్నాడు' అన్న సంగతి మా ఆవిడకి తెలిసి ఆర్నెల్లయింది, నాకు తెలిసింది ఇప్పుడు. ఇవేవీ ఎక్కడా రాసిపెట్టి ఉండవు. రోజూ దగ్గరుండి చూసినవాళ్ళకే పట్టుబడతాయి. నేను ఐదేళ్ళుగా ఆ పిల్లని ప్రేమించాను, అందులో అనుమానం లేదు. తెలుసుకోలేదు, అంతే.

అప్పుడు చుట్టాలంతా ఒక రోగం పేరు చెప్పారు. 'పెద్దదానికి తమ్ముడంటే అసూయ.' బడికి వెళ్ళనంటోందా, అసూయ. పక్క తడుపుతోందా, అసూయ. అమ్మ కొంగు వదలట్లేదా, అసూయే. ఈ మాట తండ్రికి ఎంత వాటమో గమనించండి. తప్పు ఐదేళ్ళ పిల్ల బుద్ధి మీదకి పోతుంది. నేను దగ్గరుండి చూసిందాంట్లో అది అసూయ కాదు. ఆ పిల్లకి ఇద్దరు పెద్దవాళ్ళున్నారని లోకం అనుకుంది. దాని లెక్కలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరినీ ఇప్పుడు ఇంకొకడు పట్టుకున్నాడు. ఇద్దరు నిజంగా ఉండుంటే ఒకరు తమ్ముడి దగ్గరున్నప్పుడు రెండోవాళ్ళ దగ్గరికి వచ్చేది. తమ్ముణ్ణి చూసి కుళ్ళుకోలేదు, నాన్న లేకపోవడం దానికి అప్పుడు బయటపడింది.

పైగా రాత్రికి రాత్రి దానికి ప్రమోషన్ ఇచ్చాం. నిన్నటిదాకా 'పాప', ఇవాళ్టి నుంచి 'పెద్దది'. "నువ్వు పెద్దదానివి కదా, సర్దుకోవాలి." "పెద్దదానివి కదా, నీ అంతట నువ్వే తినాలి." ఈ వ్యాసంలో నేనూ దాన్ని పెద్దదనే రాస్తున్నాను, చూశారా. ముప్ఫయ్యేడేళ్ళవాడిని, నన్ను మాత్రం ఒక్కరూ 'నువ్వు పెద్దవాడివి కదా' అనలేదు. నేను ఒకసారి డైపరు మారిస్తే అత్తయ్యగారు కంగారుపడి, "అయ్యో బాబూ, మీరెందుకు, నేనున్నానుగా" అన్నారు. రెండోసారి మారిస్తే ఫోనులో మా అమ్మకి చెప్పారు. మూడోసారికి నాకు బంధువర్గంలో పేరొచ్చేసింది. 'అతను పాపం భార్యకి ఎంత సాయం చేస్తాడో!'

*

ఈ 'సాయం' అన్న మాట మీద నాకు కోపం. సాయం ఎప్పుడు చేస్తాం? పని ఇంకొకరిదైనప్పుడు. పక్కింటివాళ్ళ పెళ్ళిలో వడ్డిస్తే సాయం. మన ఇంట్లో మన కంచం మనం కడుక్కుంటే సాయం ఎలా అవుతుంది? నా బిడ్డని నేను ఎత్తుకుంటే అది మా ఆవిడకి చేసిన ఉపకారం అయినప్పుడు, ఆ బిడ్డ ఎవరి బిడ్డ అన్నట్టు? తెలుగులో తండ్రి బిడ్డకి చేసే పనికి విడిగా ఒక మాటే లేదేమో అనిపిస్తుంది. పోషణ ఉంది, బాధ్యత ఉంది. ఆ రెండూ జీతం ఒకటో తారీఖున పడగానే తీరిపోయినట్టే లెక్క.

లెక్క అంటే లెక్కే చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ళ వయసు స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లో పిల్లలనీ పెద్దలనీ చూసుకునే పనిలో ఉన్నారు. వాళ్ళు దానికి పెట్టే సమయం రోజుకి సగటున 140 నిమిషాలు. అదే వయసు మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళు 21.4 శాతం, పెట్టే సమయం 74 నిమిషాలు. ఏమీ చెయ్యనివాళ్ళని కూడా కలిపి పంచితే స్త్రీకి రోజుకి సుమారు 57 నిమిషాలు, మగవాడికి 16 నిమిషాలు పడతాయి. పదహారు నిమిషాల్లో బిడ్డకి ఒక డైపరు మార్చి, తేన్పు రప్పించి, ఒక ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు.

చట్టం కూడా ఈ పదహారు నిమిషాలవాడిని నమ్ముకోలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి తల్లి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. మంచిదే. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పసిపిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలన్నారు. ఇంకా మంచిది. రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చన్నారు. ఎవరు? స్త్రీ ఉద్యోగి. తండ్రి ఎన్నిసార్లు వెళ్ళచ్చో ఆ చట్టంలో లేదు, ఎందుకంటే అతను వెళ్తాడన్న ఊహే లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటులో కంపెనీ దయ. మా ఆఫీసువాళ్ళ దయ ఐదు రోజులు. మూడో రోజు మేనేజరు ఫోను: "రెండోదేగా, నీకు అలవాటే. ఒక్క గంట కాల్‌లోకి రాగలవా?"

వెళ్ళాను. ఇక్కడే చట్టం మీదా మేనేజరు మీదా వేసి తప్పుకోడానికి లేదు. నా ఖాతాలో అప్పటికి ఇరవై రెండు రోజుల సొంత సెలవు ఉంది. దాన్ని సంక్రాంతికి దాచుకున్నాను. అడిగితే ఇచ్చేవాళ్ళే. అడగడానికి సిగ్గేసింది. 'భార్య పురిటికి నెల సెలవు పెట్టాడు' అని క్యాంటీన్లో అనుకుంటారని. చట్టం రావాలి, తప్పకుండా రావాలి. తండ్రి సెలవు అతను వాడుకోకపోతే పోయేట్టు, తల్లికి బదిలీ కాకుండా ఉండేట్టు రావాలి. అప్పుడే కంపెనీలు ఆడవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు మాత్రమే సెలవుల లెక్క వేసుకోవడం మానతాయి. కానీ ఉన్న సెలవు పెట్టుకోడానికి సిగ్గుపడినవాడికి చట్టం గురించి మాట్లాడే హక్కు సగమే ఉంటుంది. ఆ సగం హక్కుతోనే మాట్లాడుతున్నాను.

ఇంకోపక్క ప్రభుత్వాలు ఇప్పుడు మరింతమంది పిల్లల్ని కనమంటున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలంటారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదని ముప్ఫయ్యేళ్ళ కిందట పెట్టిన నిబంధనని 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సభల్లో ఎక్కువమందిని కనమని చెప్తున్నారు. కనమనడం బాగానే ఉంది. వేదిక మీద మాట్లాడేది మగవాళ్ళు, కనాల్సింది ఆడవాళ్ళు. రాత్రి రెండింటికి లేవాల్సింది ఎవరన్న ప్రశ్న ఏ సభలోనూ నేను వినలేదు. రెండో బిడ్డ వద్దనుకుంటున్న ఆడవాళ్ళని, మొదటి బిడ్డప్పుడు మొగుడు ఎన్ని రాత్రులు లేచాడో అడిగి చూడండి. జనాభా తగ్గుదలకి కారణాలు చాలా ఉన్నాయి, ఇదొక్కటే అనను. ఇదీ ఉందని మాత్రం మా ఇంటి సాక్ష్యంతో చెప్పగలను. మా ఆవిడ రెండో బిడ్డకి ఒప్పుకోడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ నేను ఖర్చుల గురించి ధైర్యం చెప్తూ వచ్చాను. ఆవిడ భయం ఖర్చు గురించి కాదని ఇప్పుడు తెలిసింది.

*

ఇదంతా చెప్తే వచ్చే జవాబులు నాకు తెలుసు. కొన్ని నేనే చెప్పినవి.

'పాలు మనం ఇవ్వలేం కదా!' ఇవ్వలేం. పాలిచ్చాక తేన్పు రప్పించగలం. పక్కగుడ్డలు మార్చగలం. స్నానం చేయించగలం. కాళ్ళు చాపి బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పొయ్యడం అత్తయ్యగారి దగ్గర నేర్చుకున్నాను. మొదటిరోజు చేతులు వణికాయి, నాలుగోరోజుకి ఆవిడే సున్నిపిండి గిన్నె నా పక్కన పెట్టి వెళ్ళారు. అన్నిటికంటే ముఖ్యం, పాలతో సంబంధమే లేని మనిషి ఇంట్లో ఇంకొకత్తి ఉంది. ఐదేళ్ళది. దానికి మనం ఏమీ ఇవ్వలేకపోవడానికి కారణం ఏమిటి?

'మా నాన్న ఇవేవీ చెయ్యలేదు, మేం బాగానే పెరగలేదా?' పెరిగాం. ఎందుకంటే ఆ ఇళ్ళల్లో నాయనమ్మ ఉంది, పెళ్ళికాని మేనత్త ఉంది, పురిటికొచ్చిన పిన్ని ఉంది. తండ్రి వాటా పని వాళ్ళందరూ పంచుకుని చేశారు, జమాఖర్చుల్లోకి ఎక్కకుండా. సరే, బాగానే పెరిగామా? ఇవాళ ఇంటికి ఫోను చెయ్యండి. నాన్న ఎత్తుతాడు. "బాగున్నావా? ఆ, బాగున్నా. ఉండు, అమ్మకిస్తా." ఎన్ని ఇళ్ళల్లో ఇదే సంభాషణ! ఆయన చెడ్డవాడు కాదు. నా ఫీజులు కట్టాడు, తను కొత్త చొక్కా కొనుక్కోకుండా నాకు కొన్నాడు. మాట్లాడుకోడానికి మా మధ్య ఏమీ పోగుపడలేదు, అంతే. ఆయనకీ నా గ్లాసు ఏదో తెలిసుండదు.

'ఇది సాఫ్ట్‌వేర్‌వాళ్ళ గోల. బీదవాళ్ళకి ఈ విలాసాలెక్కడ?' మా అపార్ట్‌మెంటు పక్కన కొత్త భవనం లేస్తోంది. పాలమూరు వైపు నుంచి వచ్చిన జంటలు పనిచేస్తుంటారు. రెండు కర్రల మధ్య చీర ఉయ్యాల, అందులో పసిబిడ్డ, ఆ ఉయ్యాల ఊపుతూ ఆరేళ్ళ అక్క. ఆ పిల్ల బడికి వెళ్ళట్లేదు. అక్కడ రెండో బిడ్డకి అలవాటు పడినది తండ్రీ కాదు, తల్లి కూడా కాదు, ఆ అక్క. మా ఇంట్లో పెద్దదానికి జరిగింది ప్రమోషన్ అయితే ఆ పిల్లకి జరిగింది ఉద్యోగం. ఆ తండ్రికి సెలవు ఇచ్చే మేనేజరు లేడు, మానేసిన రోజు కూలి లేదు. అతన్ని నేను నాతో సమానంగా నిలదియ్యలేను. కానీ చేతిలో ఇరవై రెండు సెలవులు పెట్టుకుని కూర్చున్నవాళ్ళం మనం అతని బీదరికాన్ని మన సాకుగా వాడుకోకూడదు.

'మా ఆవిడే నన్ను చెయ్యనివ్వదండీ!' ఇదొకటి. ఎందుకు చెయ్యనివ్వదు? మనం చేసినదాన్ని ఆవిడ మళ్ళీ చేసుకోవాల్సి వస్తుంది కాబట్టి. కొత్త ఉద్యోగంలో మొదటి నెలలో చేసిన తప్పులకి మనల్ని ఎవరన్నా 'నీకు రాదులే' అంటే ఇంటికి వచ్చేస్తామా? నేర్చుకుంటాం. జీతం వస్తుంది కాబట్టి.

*

సాహిత్యం చదివే, రాసే మనం ఇంకొంచెం సిగ్గుపడాలి. అన్నమయ్య జోలపాటలు రాశాడు. రాసింది మగవాడు, ఆరు వందల ఏళ్ళుగా ఒళ్ళో బిడ్డని పెట్టుకుని పాడుతున్నది ఎక్కువగా ఆడవాళ్ళు. చలం 'బిడ్డల శిక్షణ' అని ఒక పుస్తకమే రాశాడు. పిల్లల్ని కొట్టద్దని, వాళ్ళ మీద పెత్తనం చెయ్యద్దని అన్నాడు. మనం చలాన్ని ఆడవాళ్ళ గురించి కోట్ చేసినంతగా ఆ పుస్తకాన్ని తలుచుకోం. మన కవిత్వంలో నాన్న అంటే ఇప్పటికీ పైకి గంభీరంగా ఉండి లోపల కరిగిపోయే మనిషే. అమ్మకి వచ్చిన పేరు నాన్నకి రాలేదని వగచే కవిత ప్రతి జూన్‌లోనూ నా వాట్సాప్‌కి వస్తుంది, మీకూ వస్తుంది. పేరు రాకపోవడం మీద ఇంత దుఃఖం ఉన్నవాళ్ళం, పని రాకపోవడం మీద ఒక్క పద్యం రాసుకున్నామా?

ఈ వ్యాసం పూర్తయ్యాక మా ఆవిడకి చదివి వినిపించాను. చిన్నాణ్ణి భుజాన వేసుకుని వింది. అయ్యాక, "బానే ఉంది. ఇది రాయడానికి నాలుగు రాత్రులు కూర్చున్నావు కదా. ఆ నాలుగు రాత్రులూ వీణ్ణి ఎవరెత్తుకున్నారో కూడా రాయి" అంది. రాశాను.

పెద్దది ఇప్పుడు రాత్రిళ్ళు నన్నే లేపుతోంది. నా మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు, చెంబు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి. జ్వరం వస్తే మాత్రం ఇప్పటికీ అమ్మే కావాలి. నేను పక్కన కూర్చుంటే ఊరుకుంటుంది, కానీ కళ్ళు గుమ్మం వైపే ఉంటాయి. ఐదేళ్ళ బకాయి ఐదు నెలల్లో తీరదు కదా. తీరేదాకా దాన్ని ఏమీ అనే హక్కు నాకు లేదు.

మీ స్నేహితుల్లో ఎవరికన్నా రెండో బిడ్డ పుడితే 'అలవాటేగా' అనకండి. పెద్దపిల్ల తాగే గ్లాసు ఏదో అడగండి. చెప్పలేకపోతే నెల రోజులు సెలవు పెట్టమనండి. ఆఫీసు ఇవ్వనంటే అప్పుడు అందరం కలిసి ఆఫీసుతో పోట్లాడదాం.